ఆమోదించడమైనది

(పట్టణ పాలనలో స్త్రీల భాగస్వామ్యంపై కార్యకర్తలకూ, కొత్తగా పోటీ చేయదలచిన మహిళలకూ జరిగిన శిక్షణా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం ఇది. వక్త కోస్తాలోని ఒక చిన్న పట్టణానికి 2014 నుంచి 2019 వరకు మున్సిపల్ చైర్‌పర్సన్‌గా పనిచేశారు. ఆమె కోరిక మేరకు వూరి పేరు, వ్యక్తుల పేర్లు ఇవ్వడం లేదు.)



చైర్‌పర్సన్‌గా నేను సాధించిన విజయాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. విజయాల జాబితా మా మున్సిపాలిటీ అచ్చువేసిన ఐదేళ్ళ ప్రగతి నివేదికలో వుంది. అట్ట మీద నా ఫోటో కూడా వుంది. ఎన్ని కిలోమీటర్ల సిమెంటు రోడ్డు, ఎన్ని వీధి దీపాలు అన్నది అందులో చూసుకోవచ్చు. మీలో కొందరు రేపు ఆ కుర్చీలో కూర్చోబోతున్నారు కనుక మీకు నా విజయం కన్నా నా తప్పు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. అందుకే ముందు దాని గురించే చెప్తాను.

మాది కృష్ణా డెల్టాలో కాలువ చివరి పట్టణం. మా తర్వాత పొలాలు, ఆ తర్వాత చెరువులు, ఆ తర్వాత సముద్రం. నేను ఇంటర్ వరకు చదివాను. పదేళ్ళు పొదుపు సంఘంలో లీడరుగా పనిచేశాను. బ్యాంకులో ఎవరితో ఎలా మాట్లాడాలో, గ్రూపులో తగాదా వస్తే ఎలా సర్దాలో నాకు తెలుసు. రాజకీయం మాత్రం తెలియదు. 2014లో మా చైర్‌పర్సన్ పదవి బి.సి. మహిళకు రిజర్వు అయింది. పార్టీవాళ్ళు మా ఇంటికొచ్చి మా వారితో అన్న మాట, "మీ ఇంట్లోంచి ఒకర్ని నిలబెట్టండి" అని. ఆ 'ఒకరు' నేను. నేనప్పుడు వంటింట్లో వాళ్ళకు కాఫీలు కలుపుతున్నాను.

రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పట్టణ పాలక సంస్థల్లో మూడోవంతుకు తగ్గకుండా స్థానాలు స్త్రీలకు కేటాయించాలని అది చెప్పింది. మన రాష్ట్రం తర్వాత దాన్ని సగానికి పెంచింది. 2014లో మేము ఆ సగం లెక్కలోనే వచ్చాం. మా కౌన్సిల్లో ఇరవై ఎనిమిది వార్డులుంటే పదిహేను మంది ఆడవాళ్ళం. అంటే మెజారిటీ మాదే. కానీ మొదటి సమావేశం ఫోటో చూస్తే ఆ సంగతి మీకు తెలియదు. ప్రతి మహిళా కౌన్సిలర్ వెనుకా ఒక మగమనిషి నిలబడి వున్నాడు. భర్తో, కొడుకో, మరిదో. నా వెనుక మా వారు.

ఇంకో సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి. మేము వచ్చేనాటికి మా వూరికి దాదాపు నాలుగేళ్ళుగా పాలకవర్గమే లేదు. 2010లో గడువు ముగిసిన మున్సిపాలిటీలకు 2014 వరకు ఎన్నికలు జరపలేదు. మా గడువు 2019 జూలైలో ముగిస్తే మళ్ళీ ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. మధ్యలో ప్రత్యేకాధికారి పాలన. గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి చేయాలని రాజ్యాంగంలోని 243-యు అధికరణం స్పష్టంగా చెప్తోంది. నాలుగేళ్ళు అడిగేవాళ్ళు లేకపోతే ఆఫీసుకు ఒక అలవాటు పడుతుంది. ఫైలు కమిషనర్ దగ్గర మొదలై కమిషనర్ దగ్గరే ముగుస్తుంది. తర్వాత వచ్చిన కౌన్సిల్ వాళ్ళ కళ్ళకు రబ్బరు స్టాంపులాగే కనిపిస్తుంది.

టేబుల్ అజెండా

నా గదిలో రెండు కుర్చీలు వేశారు. ఒకటి నాకు, పక్కది మా వారికి. జనం అర్జీ తెచ్చి ఆయన చేతికిచ్చేవాళ్ళు. ఇంజనీరు ప్లాను పరిచి ఆయనకు వివరించేవాడు. చివరికి కాగితం నావైపు తిప్పి, "మేడమ్, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించేవాళ్ళు. నేను సంతకం పెట్టేదాన్ని. మా వారు చెడ్డవాడని నేను చెప్పడం లేదు. నాకు సాయం చేస్తున్నానని ఆయన అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అది సాయం కాదని తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

నాలుగో కౌన్సిల్ సమావేశం. అజెండా కాగితాలు మూడు రోజుల ముందు మా ఇళ్ళకు వచ్చాయి. సమావేశం మొదలయ్యాక ఇంకో కాగితం బల్ల మీద పెట్టారు. దాన్ని టేబుల్ అజెండా అంటారు. అత్యవసరమైన అంశాల కోసం ఏర్పాటు చేసుకున్న పద్ధతి అది. ఆ రోజు అందులో తొమ్మిది అంశాలున్నాయి. ఆరో అంశం, 'మెయిన్ రోడ్డు మురుగు కాలువ విస్తరణ నిమిత్తం ఆక్రమణల తొలగింపు'. గుమాస్తా చదువుకుంటూ పోతున్నాడు. అందరూ బల్లలు చరుస్తున్నారు. నేను "ఆమోదించడమైనది" అన్నాను. తొమ్మిది అంశాలకూ పట్టిన సమయం పది నిమిషాలు కూడా లేదు. మురుగు కాలువ మంచిదే కదా, వానాకాలం ఆ రోడ్డు మునుగుతుంది కదా అనుకున్నాను. ఆక్రమణలు అంటే ఎవరు, ఎక్కడ, ఎంతమంది అని అడగలేదు.

మూడో రోజు తెల్లవారుజామున జె.సి.బి. వచ్చింది. మెయిన్ రోడ్డు మీద కాలువ పక్కన ముప్ఫై నాలుగు మంది ఆడవాళ్ళు చేపలు అమ్ముకునేవాళ్ళు. కొందరు వాళ్ళ అమ్మల కాలం నుంచీ అక్కడే కూర్చుంటున్నారు. వాళ్ళ బల్లలు విరగ్గొట్టారు. ఐసు పెట్టెలు ట్రాక్టర్లో వేశారు. అప్పుడే రేవు నుంచి వచ్చిన చేపలతో సహా ఆ ట్రాక్టర్ డంపింగ్ యార్డుకు పోయింది. అదే కాలువ మీద ఎదురు వరసలో పెద్ద షాపుల మెట్లు వున్నాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు.

ఏడు గంటలకు వాళ్ళంతా మా ఇంటికి వచ్చారు. నేను పూజ చేసుకుంటున్నాను. గొడవ చేస్తారేమోనని మా వారు తలుపు దగ్గర నిలబడ్డారు. వాళ్ళు గొడవ చేయలేదు. అందరికన్నా పెద్దామె, అరవై దాటి వుంటాయి, వంగిపోయిన కత్తిపీట ఒకటి తెచ్చి మా వరండాలో పెట్టింది.

"నీ సంతకమేనంట కదమ్మా?" అంది.

నేను మాట్లాడలేదు.

"పొద్దున తొమ్మిది వందలు తెచ్చుకుంటే సాయంత్రం వెయ్యి కట్టాల. ఇయ్యాల చేపా లేదు, డబ్బూ లేదు. సాయంత్రం ఆడొస్తే నీ పేరు చెప్పమంటావా?"

ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

చట్టం అప్పటికే వుంది

ఆ రోజే కమిషనర్‌ను అడిగాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు. "మేడమ్, కౌన్సిల్ తీర్మానం ప్రకారమే చేశాం. మీరే ఆమోదించారు" అని మినిట్స్ పుస్తకం తెప్పించి చూపించారు. నిజమే. నా సంతకం వుంది.

అప్పుడు నన్ను ఆదుకున్నది ఒక మహిళా సంఘంలో పనిచేసే న్యాయవాది. ఆమె నాకొక చట్టం కాపీ ఇచ్చి, చదివి రమ్మంది. వీధి వ్యాపారుల జీవనోపాధి పరిరక్షణ చట్టం, 2014. అది 2014 మే 1 నుంచి అమల్లో వుంది. అంటే నేను ఆ కుర్చీలో కూర్చునే నాటికే వుంది. సర్వే జరిపి ధృవపత్రాలు ఇచ్చేవరకు ఏ వీధి వ్యాపారినీ ఖాళీ చేయించకూడదని అందులో వుంది. వేరేచోటికి పంపాలన్నా ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి ఇవ్వాలి. పాడైపోయే సరుకయితే అడిగిన రోజే తిరిగివ్వాలి. ప్రతి పట్టణంలో వుండాల్సిన వెండింగ్ కమిటీలో నూటికి నలభై మందికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులే వుండాలి. వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు వుండాలి.

మా వూళ్ళో సర్వే లేదు. నోటీసు లేదు. జాబితా లేదు. కమిటీ మాటే ఎవరికీ తెలియదు. ముప్ఫై నలుగురికి జరిగింది చట్టవిరుద్ధం. దాన్ని ఆమోదించిన సంతకం ఆడదానిది.

ఆ రాత్రి మా వారితో మాట్లాడాను. "రేపటినుంచి మీరు ఆఫీసుకు రావద్దండీ" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. తర్వాత బాధ కలిగింది. చాలా రోజులు మాట్లాడలేదు. ఇంట్లో గడిచిన ఆ రోజుల గురించి ఇక్కడ వివరించను. ఇక్కడ కూర్చున్నవాళ్ళకు అది చెప్పకుండానే అర్థమవుతుంది. మర్నాడు అటెండర్‌ను పిలిచి రెండో కుర్చీ తీయించాను.

ప్రత్యేక సమావేశం పిలిచాను. మా పార్టీ పెద్దలు వద్దన్నారు. షాపుల వాళ్ళు మన మనుషులే, వాళ్ళతో గొడవెందుకు అన్నారు. చైర్‌పర్సన్‌ను అప్పుడు ప్రజలు నేరుగా ఎన్నుకోలేదు, కౌన్సిలర్లు ఎన్నుకున్నారు. కౌన్సిలర్లు ముఖం తిప్పుకుంటే నా పని అయిపోయినట్టే. నేను పదిహేను మంది ఆడవాళ్ళ ఇళ్ళకూ వెళ్ళాను, రెండు పార్టీల వాళ్ళ ఇళ్ళకూ వెళ్ళాను. మగవాళ్ళు ఇంట్లో లేని సమయం చూసి, మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్ళాను. పొదుపు సంఘంలో నేర్చుకున్న విద్య అది. ఎదుటి పార్టీలో ఒకామె, "మా అత్త కూడా తట్ట నెత్తిన పెట్టుకుని అమ్మిందే" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సమావేశంలో ఆమే లేచి తీర్మానం ప్రతిపాదించింది. మావాళ్ళలో ముగ్గురు మగ కౌన్సిలర్లు వాకౌట్ చేశారు. తీర్మానం నెగ్గింది.

ఆ తీర్మానంతో సర్వే మొదలయింది. పాత బస్టాండు పక్కన మున్సిపాలిటీ స్థలంలో సిమెంటు అరుగులు, కుళాయి, పైన రేకులు వేశాం. కమిటీ వేశాం. కత్తిపీట తెచ్చి పెట్టిన పెద్దామె అందులో సభ్యురాలయింది. మురుగు కాలువ పని కూడా ఆగలేదు. షాపుల మెట్లు కూడా కొలిచి, నోటీసులిచ్చి, తీయించాకే అది పూర్తయింది.

ఇది విజయగాథలా వినిపిస్తోందేమో. ఇందుకు పట్టిన సమయం పదకొండు వారాలు. రోజు వడ్డీ పదకొండు వారాలు ఆగదు. తిరిగొచ్చి అరుగుల మీద కూర్చున్నవాళ్ళు ఇరవై తొమ్మిది మందే. ముగ్గురు రొయ్యల షెడ్లకు వొలుపు పనికి పోయారు. ఇద్దరు హైదరాబాదులో ఇళ్ళల్లో పనికి వెళ్ళిపోయారు. వాళ్ళ చోటు వాళ్ళకు వుంచాం. కానీ వాళ్ళు రాలేదు. చదవకుండా నేను పెట్టిన ఒక్క సంతకం ఐదుగురు ఆడవాళ్ళ బతుకుతెరువు మార్చేసింది. ప్రగతి నివేదికలో ఈ లెక్క లేదు.

నేర్చుకున్నవి

ఆ తర్వాత నాలుగున్నరేళ్ళు నేను పనిచేసిన పద్ధతి ఈ అనుభవం నుంచే వచ్చింది. మీకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్తాను.

మొదటిది, కాగితం. మున్సిపాలిటీలో కార్యనిర్వహణ అధికారం కమిషనర్‌ది. చైర్‌పర్సన్ సమావేశానికి అధ్యక్షత వహిస్తుంది, తీర్మానాలు చేయిస్తుంది, అమలు పర్యవేక్షిస్తుంది. అంటే మన చేతిలో వున్న ఆయుధం తీర్మానమే. దాన్ని చదవకుండా వదిలేస్తే మనకు మిగిలేది కారు, కుర్చీ. నేనొక నియమం పెట్టుకున్నాను. టేబుల్ అజెండాలో నిజంగా అత్యవసరం కాని అంశాన్ని తర్వాతి సమావేశానికి వాయిదా వేసేదాన్ని. 'ఆక్రమణ', 'తొలగింపు', 'రద్దు' అన్న మాటలు కనిపిస్తే పేర్ల జాబితా జతచేయమని అడిగేదాన్ని. మొదట్లో విసుక్కున్నారు. తర్వాత జాబితా జతచేసే పంపడం మొదలుపెట్టారు.

రెండవది, డబ్బు. డి.సి.బి. అని ఒక పట్టిక వుంటుంది. ఎంత పన్ను రావాలి, ఎంత వచ్చింది, ఎంత బాకీ అని. దాన్ని అడిగి తెప్పించుకోండి. బాకీల్లో పెద్దవి మొదట రాయించండి. మా వూళ్ళో రెండు గదుల ఇంటికి రెడ్ నోటీసు అంటించారు. కల్యాణ మండపాల బాకీలు మాత్రం ఏళ్ళ తరబడి అలాగే వున్నాయి. ఒక పెద్ద భవనం, కింద దుకాణాలు నడుస్తున్నా, రికార్డులో నివాస గృహంగానే వుంది. వాటిని సరిచేయించిన ఏడాది మేము కొత్త పన్ను వేయకుండానే మార్కెట్లో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి డబ్బు దొరికింది.

మూడవది, వీధులూడ్చే ఆడవాళ్ళు. తెల్లవారుజామున ఐదింటికి వాళ్ళు మస్టరు వేయించుకుంటారు. ఒకసారి కాంట్రాక్టరు మూడు నెలలు జీతాలివ్వలేదు. ఆఫీసులో అడిగితే, "అది కాంట్రాక్టరుకూ వాళ్ళకూ మధ్య విషయం" అన్నారు. అది నిజం కాదు. అప్పట్లో అమల్లో వున్న 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు జీతమివ్వకపోతే ప్రధాన యజమానే, అంటే మున్సిపాలిటీయే ఇచ్చి, ఆ మొత్తం కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలి. ఆ సెక్షను తీర్మానంలోనే రాయించాం. జీతాలు పడ్డాయి. కానీ చేతి తొడుగులు, పొద్దుటిపూట వాళ్ళు వాడుకోవడానికి ఒక మరుగుదొడ్డి, ఇవి సాధించడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. వూరంతా శుభ్రం చేసే మనిషికి కాలకృత్యాలకు చోటు లేదని ఒక్క అధికారికీ తోచలేదు. నిజం చెప్పాలంటే ఆమె అడిగేవరకు నాకూ తోచలేదు.

నాలుగవది, నీళ్ళు. కాలువ చివరి వూళ్ళో వేసవి అంటే ఏమిటో డెల్టా వాళ్ళకు తెలుసు. కాలువలు కట్టేసేలోపు మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. ఆ నీళ్ళు వానాకాలం దాకా సరిపోవాలి. మొదటి వేసవిలో చివరి కాలనీ నుంచి ఫిర్యాదు వస్తే, "నీళ్ళు వదులుతున్నాం మేడమ్" అని కాగితం మీద రాసిచ్చారు. నేను తెల్లవారుజామున వాల్వు దగ్గరికి వెళ్ళి ఫిట్టర్ పక్కన నిలబడ్డాను. నీళ్ళు నిజంగానే వదిలారు. దారిలో పెద్ద ఇళ్ళవాళ్ళు కుళాయికి నేరుగా మోటార్లు బిగించి లాగేస్తున్నారు. కాలనీకి చేరేసరికి సన్నని ధార. అక్కడ ఆడపిల్లలు బడి మానుకుని బిందెల దగ్గర కూర్చుంటున్నారు. మోటార్లు తీయించడానికి వెళ్తే మా బంధువుల ఇంట్లోనే మొదటిది దొరికింది. అది తీయించాక మిగతావి తీయించడం తేలికయింది. క్లోరోస్కోపు అని చిన్న పెట్టె వుంటుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి వుందో లేదో రంగు చూసి చెప్పొచ్చు. పొదుపు సంఘాల ఆడవాళ్ళకు అది నేర్పించాం. చివరి కుళాయి దగ్గర పరీక్ష చేయమన్నాం. అప్పటినుంచి ట్యాంకు దగ్గర రాసే రిజిస్టరులో అబద్ధాలు తగ్గాయి.

రాలేకపోయిన మనిషి

ముగించే ముందు ఒక స్నేహితురాలి గురించి చెప్పాలి. మా పొదుపు సంఘంలో నాకన్నా తెలివైనది, నాకన్నా ధైర్యస్థురాలు. 2014లో నిలబడాల్సింది ఆమె. ఆమెకు ముగ్గురు పిల్లలు. ఇద్దరికి మించి సంతానం వున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులని నిబంధన వుండేది. మొదటి ఇద్దరూ ఆడపిల్లలు. మూడో కాన్పు ఆమె కోరుకున్నది కాదు, అత్తగారిల్లు కోరుకున్నది. నిర్ణయం వాళ్ళది, అనర్హత ఈమెది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఆ నిబంధన తీసేశారు. సంతోషమే. కానీ జననాల రేటు పడిపోతోందని, ముసలివాళ్ళు పెరిగిపోతున్నారని తీసేశారు. ఆ నిబంధన పెట్టినప్పుడు మనల్ని అడగలేదు, తీసేసినప్పుడూ అడగలేదు. మన గర్భాల లెక్క మీద మన పౌరహక్కు ఆధారపడకూడదన్న మాట మనం ఇంకా గట్టిగా అనాల్సే వుంది.

సంఘాల్లో పనిచేసే మిత్రులకు నా మనవి. మాకు శిక్షణ అంటే ఒక రోజు సభ, ఒక సంచీ, ఒక పుస్తకం ఇచ్చి పంపుతున్నారు. అది చాలదు. మా మొదటి ఆరు నెలలు మా పక్కన వుండండి. అజెండా కాగితం వచ్చిన రోజు రాత్రి మాతో కూర్చుని చదవండి. మేము చేసిన తీర్మానాల నకళ్ళు సమాచార హక్కు చట్టం కింద అడగండి. మేము తప్పు చేస్తే, ఆడవాళ్ళం కదా అని వదిలేయకండి. ఆ పెద్దామె కత్తిపీట తెచ్చి మా వరండాలో పెట్టకపోతే నేను ఐదేళ్ళూ "ఆమోదించడమైనది" అంటూనే వుండేదాన్ని.

నిలబడబోయే చెల్లెళ్ళకు ఒకే మాట. మీ గదిలోకి వెళ్ళిన మొదటి రోజే ఎన్ని కుర్చీలున్నాయో చూసుకోండి. ఎక్కువుంటే ఆ రోజే తీయించండి. నాలుగు నెలలు ఆగకండి.